ఎదురింటాయన ముఖం తిప్పుకున్న నాలుగేళ్లు

నాచారంలో ఇల్లు కట్టుకుని చేరిన మొదటి వారంలోనే ఎదురింటాయన నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. ఉదయం ఎనిమిదిన్నర అవుతోంది. నేను స్కూటర్ బయటికి తీస్తున్నాను. ఆయన తన గేటు పక్కన మెట్టు మీద కూర్చుని పేపర్ చదువుతున్నాడు. అరవై దాటిన మనిషి, తెల్ల బనీను, గళ్ల లుంగీ. పలకరిద్దామని "నమస్తే అన్నా" అన్నాను. ఆయన తలెత్తి ఒక్క క్షణం నా వైపు చూసి, మళ్లీ పేపర్లోకి తల దించేశాడు. జరిగింది అంతే. అంత చిన్న సంగతిని నేను నాలుగేళ్లు మోశాను.

హబ్సిగూడ సిగ్నల్ చేరేసరికి నాకు కారణం దొరికింది. మా ఇల్లు కడుతున్నప్పుడు ఒకసారి ఇసుక లారీవాడు సగం లోడు ఆయన గేటు ముందే పోసిపోయాడు. కూలీలు దొరక్క ఆ ఇసుక రెండు రోజులు అక్కడే ఉండిపోయింది. అది మనసులో పెట్టుకున్నాడన్నమాట. ఆఫీసులో టీ తాగేసరికి ఇంకో కారణం తోచింది. మాది గుంటూరు వైపు. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడే ఉన్నా నా యాస పోలేదు. ఎక్కణ్నుంచో వచ్చి మా గల్లీలో మేడ కట్టాడని ఆయనకి లోపల కడుపుమంట ఉండి ఉంటుంది. మధ్యాహ్నం భోజనం వేళకి ఆ రెండూ కలిసి గట్టి పగగా తయారయ్యాయి. ఆయన నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు, ఆయన తరఫున మాటలన్నీ నేనే మాట్లాడుకున్నాను.

తర్వాత ఇంకో మూడు నాలుగుసార్లు పలకరించి చూశాను. రెండుసార్లు పేపర్లోకి చూశాడు, ఒకసారి ఆకాశం వైపు చూశాడు. దాంతో మానేశాను. మానేసి ఊరుకోలేదు, దారి కూడా మార్చేశాను. స్కూటర్ ఎడమ వైపు తిప్పితే మెయిన్ రోడ్డు రెండు నిమిషాలు. నేను కుడి వైపు తిప్పి, వెనక గల్లీలోంచి, గేదెలు కట్టేసి ఉండే ఖాళీ ప్లాటు చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ని. వానాకాలంలో ఆ దారిలో మోకాలెత్తు నీళ్లు నిలిచేవి. అయినా అటే.

ప్రతి సాయంత్రం ఏడింటికి వాళ్లింట్లో టీవీ వార్తలు మొదలయ్యేవి. మా హాల్లో మేం మాట్లాడుకునేది మాకే వినబడనంత గట్టిగా పెట్టేవాళ్లు. అదీ నన్ను ఉడికించడానికే అని తేల్చుకున్నాను. విచిత్రమేమిటంటే ఆయన భార్యకీ మా ఆవిడకీ మంచి స్నేహం. కరివేపాకు, మజ్జిగ, బతుకమ్మకు పూలు, అన్నీ ఇచ్చిపుచ్చుకునేవాళ్లు. "ఆవిడ ఎంత బాగా మాట్లాడుతుందో తెలుసా" అని మా ఆవిడ చెబితే, "ఆయనే పంపిస్తున్నాడేమో, మన ఇంటి సంగతులు తెలుసుకోవడానికి" అన్నాను ఒకసారి. మా ఆవిడ నా వైపు అదోలా చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ చూపుకు కూడా ఒక అర్థం తీసుకున్నాను.

ఎదురింటాయన ఒక్కడితోనే ఇలా ఉండి ఉంటే ఇది రాయాల్సినంత విషయం కాదు. నేను అందరి ముఖాలూ ఇలాగే చదివేవాణ్ని. ఉప్పల్ రోడ్డు మీద ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో నాది పరికరాలు బాగుచేసే పని. శుక్రవారం సాయంత్రం మా సార్ "సోమవారం ఒకసారి నా గదికి రండి" అన్నాడంటే ఆ శని ఆదివారాలు మా ఇంట్లో ఎవరికీ సుఖం ఉండేది కాదు. నేను చేసిన తప్పులన్నీ వరసగా గుర్తు తెచ్చుకుని, ఒక్కోదానికీ జవాబు సిద్ధం చేసుకునేవాణ్ని. సోమవారం వెళితే ఆయన, తన ఇంట్లో ఇన్వర్టర్ చప్పుడు చేస్తోందని, ఏమై ఉంటుందో చెప్పమని అడిగేవాడు. మామూలు మనిషైతే ఆ తర్వాత నవ్వుకుని మర్చిపోతాడు. నేను మాత్రం ఈసారికి తప్పించుకున్నాను అనుకునేవాణ్ని.

ఈ అలవాటు నన్ను ఎప్పుడు పట్టుకుందో నాకు బాగానే గుర్తుంది. ఇరవై రెండేళ్ల వయసులో ఈ ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, క్యాంటీన్లో "పెరుగు ఉందాండీ?" అని అడిగాను. బల్ల దగ్గర కూర్చున్న నలుగురు నా మాటను అలాగే సాగదీసి అన్నారు. అందులో పెద్ద చెడు ఏమీ లేదు. వాళ్లలో ఇద్దరు తర్వాత నాకు మంచి మిత్రులయ్యారు. కానీ ఆ రోజు నుంచి నోరు తెరిచే ముందు ఎదుటివాళ్ల ముఖం చూసుకోవడం అలవాటైంది. కొత్త ఊళ్లో ఒంటరిగా ఉన్న కుర్రవాడికి అది కొంత పనికొచ్చిందేమో. నలభై ఎనిమిదేళ్ల మనిషికి మాత్రం బరువే అయింది.

దాన్ని నాకు చూపించింది మా అమ్మాయి.

అప్పుడు అది రామంతాపూర్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఆదివారం ఉదయం ఇడ్లీలు తింటున్నాం. క్లాసులో పిల్లలంతా కలిసి ఆ రోజు సినిమాకి వెళ్తున్నారని ముందే చెప్పింది. పది దాటినా ఇంకా తల దువ్వుకోలేదు. వెళ్లవా అని అడిగాను. వెళ్లనంది. ఏమైందని అడిగితే, ఒక స్నేహితురాలు నిన్నటి నుంచి మెసేజ్‌కి జవాబివ్వలేదంది.

"వాళ్లు ఊరికే పిలిచార్లే నాన్నా. నిజంగా వస్తే లోపల, అబ్బా, ఇది కూడా వచ్చిందా అనుకుంటారు."

"అలా అని ఎవరైనా అన్నారా?"

"ఎవరూ అనక్కర్లేదు. నాకు తెలుసు."

ఆ చివరి మాట అన్నప్పుడు దాని గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. రోజూ వాడే సామానులాగా ఆ మాట దాని నోట్లోంచి వచ్చింది. చట్నీ గిన్నె పట్టుకుని నిలబడ్డ మా ఆవిడ నా వైపు చూసి, చాలా నెమ్మదిగా, "ఇది మీ మాటేనండీ" అంది.

ఆ పిల్లకి నేను ముక్కు, నుదురు ఇచ్చానని అందరూ అంటుంటే మురిసిపోయేవాణ్ని. ఇది కూడా ఇచ్చానని అప్పుడే తెలిసింది. దాని వయసులో ఉన్న పిల్ల ఆదివారం పూట ఇంట్లో కూర్చుని, ఎవరూ అనని మాటలు వింటోంది. నేను ఒక్కణ్ని దీనితో బతికినంత కాలం ఫర్వాలేదనుకున్నాను, నాకు అదొక తెలివిలాగే కనిపించేది. పిల్లలో చూశాక దాన్ని తెలివి అనుకోలేకపోయాను.

ఆ వారంలోనే ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. మా ఆవిడ పనిచేసే స్కూల్లో ఎవరో చెప్పారట. గది రామంతాపూర్‌లో, చెరువు వైపు పోయే సందులో, ఒక ఫిజియోథెరపీ సెంటర్ పై అంతస్తులో ఉంది. తెలిసినవాళ్లు చూస్తే ఏమనుకుంటారోనని హెల్మెట్ తీయకుండా మెట్ల దాకా వెళ్లాను. సరిగ్గా అక్కడే మా ఆఫీసులో అకౌంట్స్ ఆయన కుంటుకుంటూ దిగుతూ ఎదురయ్యాడు. "మీక్కూడా మోకాలేనా సార్?" అన్నాడు. అవునన్నాను. ఆ అబద్ధానికి మర్నాడు ఆఫీసులో ఆయన కనిపించినప్పుడల్లా కొంచెం కుంటాల్సి వచ్చింది. నా జీవితంలో నేను ఎంత శ్రమ పడుతున్నానో నాకే నవ్వొచ్చిన మొదటి సందర్భం అదే.

కౌన్సెలర్ ఒక అరవై ఏళ్ల ఆవిడ. నూలు చీర, పెద్ద కళ్లద్దాలు, వరంగల్ వైపు మాట. నేను ఎదురింటాయన కథంతా చెప్పాను, ఇసుకతో సహా. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా తల ఊపలేదు. నేను చెప్పింది ఆవిడకి నచ్చలేదనుకున్నాను. అంతా అయ్యాక ఒక నోట్‌బుక్ ఇచ్చి, ఎడమ పేజీలో జరిగింది మాత్రమే రాయమన్నారు. నేను రాశాను: ఎదురింటాయన నన్ను చిన్నచూపు చూశాడు.

ఆవిడ చదివి, పెన్నుతో ఆ మాట కింద గీత గీశారు. "సార్, ఆడ నిలబడి ఎవరన్న ఫోటో తీసిన్రనుకోండ్రి. చిన్నచూపు ఫోటోల పడతదా?"

పడదన్నాను.

"మరి ఏం పడతది?"

చాలాసేపు ఆలోచించి, తల దించాడు అని రాశాను.

"గంతే గద జరిగింది. మిగిలిందంత మీరు గలిపిన్రు. అది తప్పని నేనంటలేను. నిజం గావచ్చు. కాని ఆయన్ని అడగకుంట మీకెట్ల ఎరుక?"

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా మనుషుల్ని చూస్తున్నవాణ్ని, ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. మిషన్ పాడైతే మీటర్ పెట్టి చూడకుండా ఏదైనా విప్పుతారా అని కూడా అడిగారావిడ. ఆ పోలిక నాకు నచ్చలేదు. మిషన్‌కి నా మీద అభిప్రాయాలు ఉండవు కదా. కానీ ఇంటికి వచ్చి నోట్‌బుక్ తీస్తే, ఎడమ పేజీ రాయడమే పెద్ద కష్టమైపోయింది. "మా ఆవిడ విసుక్కుంది" అని రాసి కొట్టేశాను. "మా ఆవిడ గిన్నె గట్టిగా పెట్టింది" అని రాశాను. "సెక్యూరిటీ అతను పట్టించుకోలేదు" కొట్టేసి, "అతను ఫోన్లో మాట్లాడుతున్నాడు" అని రాశాను. రోజంతా జరిగినవి రాస్తే ఎడమ పేజీలో ఐదారు లైన్లు దాటేవి కావు. కుడి పేజీలో, నేను కలిపినవి, కింది దాకా నిండి పక్కకు కూడా వచ్చేవి.

రెండో వారం, మూడో వారం వెళ్లాను. కుడి పేజీలో ఉన్న ప్రతిదానికీ, ఇంకేమై ఉండొచ్చు అని రెండు మూడు రాయమనేవారు. అది కొంచెం సులువుగానే వచ్చింది. చివరి మెట్టు మాత్రం వద్దే వద్దనిపించింది. అది వెళ్లి అడగడం.

ముందుగా ఎదురింటాయన్ని అడిగే ధైర్యం రాలేదు. ఆఫీసులో మొదలుపెట్టాను. అంతకు మూడు నెలల కిందట, బయటి నుంచి అతిథులు వచ్చిన మీటింగ్‌లో, ఒక పరికరం గురించి అడిగితే అది కొనడమే పొరపాటు అనేశాను. కొన్నది మా సారే. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ తర్వాత పుణెలో జరిగే శిక్షణకు పంపేవాళ్ల జాబితాలో నా పేరు లేదు. ఇక నన్ను పక్కన పెట్టేశారని నిశ్చయించుకుని, వేరే విభాగానికి మార్చమని దరఖాస్తు కూడా టైపు చేసి పెట్టుకున్నాను. అది ఇచ్చేముందు ఒకసారి అడిగి చూడమని కౌన్సెలర్ అన్నారు. అడిగితే నాకు నచ్చని జవాబు రావచ్చని కూడా అన్నారు. ఆ మాట చెప్పినందుకు ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది.

సార్ గదిలోకి వెళ్లి నిలబడ్డాను. మీటింగ్‌లో నేనన్న మాటకు మీకు నా మీద కోపం వచ్చిందా సార్, అందుకే పుణె జాబితాలో నా పేరు లేదా అని, రెండు ప్రశ్నలూ ఒకే గుక్కలో అడిగేశాను. ఆయన పేపర్‌వెయిట్ పక్కకు జరిపాడు.

"కోపం వచ్చిన మాట నిజమే," అన్నాడు. "బయటివాళ్ల ముందు అనకుండా ఉండాల్సింది. కానీ మీరు చెప్పింది తప్పు కాదు. మర్నాటికి నేను మర్చిపోయాను."

నేను ఇరవై ఆరేళ్లుగా భయపడ్డ మాట అదే. నా మీద ఒకరికి నిజంగా కోపం వచ్చింది, నా ఎదుటే చెప్పారు. కాళ్ల కింద నేల కుంగిపోలేదు. కిటికీలోంచి నీళ్ల ట్యాంకర్ వెనక్కి వస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నేను నిలబడే ఉన్నాను. ఆయనే మళ్లీ, పుణె సంగతి వేరు అన్నాడు. అంతకుముందు ఏడాది అడిగితే మా అమ్మాయి పదో తరగతి పరీక్షలని నేనే వద్దన్నానట. ఈ ఏడు ఇంటర్ కదా, ఇంకా వద్దంటానేమోనని ఆయనే అనుకుని వదిలేశాడట. "అడగాల్సింది మీరు," అన్నాడు. మీరూ అడగాల్సింది సార్ అని నోటి దాకా వచ్చింది, మింగేశాను. దరఖాస్తును ఆ సాయంత్రం చింపేశాను. క్యాంటీన్‌కి వెళ్లి రెండు మిర్చి బజ్జీలు తిన్నాను. చాలా రోజులకి తిండి రుచి తెలిసింది.

ఆ ఊపులో ఆదివారం ఉదయం ఎదురింటికి బయల్దేరాను. ఏం అడగాలో నోట్‌బుక్‌లో రాసుకుని రెండుసార్లు చదువుకున్నాను. మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడి చూస్తోందని తెలుసు. మా గల్లీ వెడల్పు పదిహేను అడుగులుంటుంది. అది దాటడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఆయన ఎప్పటిలాగే మెట్టు మీద పేపర్ చదువుతున్నాడు. ఎడమ పక్కగా వెళ్లి నిలబడి, "అన్నా, మీతో ఒక మాట మాట్లాడాలి" అన్నాను.

ఆయన తలెత్తి నా పెదాల వైపు చూశాడు. నవ్వీ నవ్వనట్టు ముఖం పెట్టి, "ఆ, అయింది. ఇప్పుడే తిన్న" అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మళ్లీ, ఇంకొంచెం గట్టిగా అదే మాట అన్నాను. ఆయన ముఖంలో రంగు మారింది. ఇన్నేళ్లూ నేను కోపం అనుకున్న ముఖం అదే. దగ్గర నుంచి చూస్తే అందులో ఉన్నది కంగారు. పేపర్ మడిచి పక్కన పెట్టి, తన కుడి వైపు మెట్టు మీద చేత్తో తట్టాడు.

"జర ఇటు వచ్చి కూసో. ఈ దిక్కు నుంచి చెప్పు. ఆ చెవు పనిజెయ్యది."

కుడి వైపుకి వెళ్లి కూర్చున్నాను. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో రేకులు నొక్కే ప్రెస్ షాపులో ముప్పై ఏళ్లు చేశానని చెప్పాడు. పొద్దంతా రేకు మీద దెబ్బ పడే చప్పుడే. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం మిగిలింది. ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు, వాళ్లనీ చెప్పొద్దన్నాడు.

"ఎవరన్న మాట్లాడితె సగం సమజ్ గాదు. ఒకటి అడిగితె ఇంకోటి చెప్త. నవ్వుతరు. చెవిటోడు అంటరు. అందుకే పేపర్ల తలవెట్టుకుంట."

ఇంక నేను దాచుకోలేదు. నమస్తే పెడితే మీరు ముఖం తిప్పుకున్నారనుకున్నానని, ఇసుక మీ గేటు ముందు పోసినందుకు కోపం అనుకున్నానని, నా యాస వల్ల అనుకున్నానని, టీవీ నన్ను ఉడికించడానికే పెడుతున్నారనుకున్నానని, అంతా ఆయన కుడి చెవిలో చెప్పేశాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు.

"ఏ ఇసుక?" అన్నాడు ముందు. తర్వాత గుర్తొచ్చింది. "ఆ ఇసుకనా? మా ఆమె రెండు తట్టలు ఎత్తి పూలకుండీలల్ల పోసుకున్నది. నువ్వొచ్చి అడుగుతవేమో అని నేనే పరేషానైన."

నేను నవ్వాను. ఆయన మాత్రం నవ్వకుండా నా మోకాలి మీద చెయ్యి వేసి అడిగాడు. "మరి నువ్వెందుకు నన్ను జూసి ఎనుక గల్లీ నుంచి పోతవు? పెద్ద సైంటిస్ట్ సారు, మనతోని ఏం మాట్లాడుతడు అనుకున్న నేను."

"నేను సైంటిస్టును కాదన్నా. వాళ్ల మిషన్లు బాగుచేసేవాణ్ని. చేతికి గ్రీజు పూసుకునే పని."

ఆయన నా చేతులు తీసుకుని, వేళ్ల అంచులు, గోళ్ల మూలలు చూశాడు. చూసి, "గది ముందుగాల చెప్పొద్దా," అన్నాడు. అప్పుడు నవ్వాడు. ముప్పై ఏళ్లు ప్రెస్ మీద చేసిన మనిషి నవ్వు, గల్లీ చివరి దాకా వినిపించేలా ఉంది. లోపల్నుంచి వాళ్లావిడ, ఎదురుగా మా గేటు దగ్గరికి మా ఆవిడ, ఇద్దరూ ఒకేసారి బయటికి వచ్చారు.

ఇంటికి వచ్చి మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. అలసటో, తేలికదనమో చెప్పలేను. జ్వరం దిగిన రోజు ఒళ్లంతా చెమట పట్టి, కాసేపు ఏ పనీ చేయాలనిపించని స్థితి ఉంటుంది చూడండి, అలా ఉంది. మా ఆవిడ పక్కన కూర్చుని ఏమైందని అడిగింది. చెబుతుంటే నవ్వింది, కళ్లు తుడుచుకుంది. ఆమె మీద నేను ఎన్ని కథలు రాసుకున్నానో కూడా ఆ రోజే చెప్పాను. గిన్నె గట్టిగా పెట్టిన సంగతి. అది చేయి జారింది అంది. నీకు కోపం రాలేదా అన్నాను. "వచ్చింది. చెయ్యీ జారింది, కోపమూ వచ్చింది," అంది. రెండూ రాసుకున్నాను.

అమ్మాయికి నేను పాఠం చెప్పలేదు. నోట్‌బుక్ మాత్రం డైనింగ్ టేబుల్ మీద వదిలేసేవాణ్ని. అది చదివిందని నాకు తెలియదు. ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, బ్యాగ్ పడేసి, ఫోన్ నా ముందు పెట్టింది. స్నేహితురాలిని తిన్నగా అడిగిందట, ఆ రోజు మీరు నన్ను నిజంగా రమ్మన్నారా, మర్యాదకు పిలిచారా అని. జవాబుగా వచ్చిన మెసేజ్‌లు స్క్రీన్ నిండా ఉన్నాయి.

"ఏమంది?" అన్నాను.

"తిట్టింది నాన్నా," అంది నవ్వు ఆపుకుంటూ. "రాలేదని ఆ రోజు నా కోసం ఉంచిన సీట్లో బ్యాగులు పెట్టుకున్నారంట. మస్తు తిట్టింది."

జవాబివ్వకపోవడానికి కారణం ఆ పిల్ల ఫోన్ వాళ్లమ్మ తీసి దాచేయడం. ఆ సంగతి మా అమ్మాయి ఏదో చిన్న విషయంలాగా చెప్పి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లిపోయింది. నాకు ఇరవై ఆరేళ్లు పట్టింది. దానికి ఒక నెల.

ఎదురింటాయన్ని చెవి డాక్టర్‌కి చూపించాలని నేనే పట్టుబట్టాను. మొదట ఒప్పుకోలేదు. చెవిలో మిషన్ పెట్టుకుంటే గల్లీ అంతా చూస్తుందన్నాడు. చూస్తుందని ఎట్ల ఎరుక అన్నా అని అడిగాను. ఆ ప్రశ్న నా నోటి నుంచి రావడం నాకే వింతగా ఉంది. ఒక శనివారం ఇద్దరం షేర్ ఆటోలో రామంతాపూర్ వెళ్లాం. నా చోటు ఆయన కుడి వైపు. పరీక్ష చేసి, కొలతలు తీసుకుని, రెండు వారాలకు మిషన్ ఇచ్చారు. పెట్టుకుని బయటికి రాగానే రోడ్డు మీద ఆగిపోయి రెండు చేతులూ చెవుల దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఇంత లొల్లిల మీరంత ఎట్ల బతుకుతున్నరయ్యా," అన్నాడు.

ఆ సాయంత్రం వాళ్ల టీవీ మాకు వినిపించలేదు. గల్లీలో ఒకరిద్దరు చెవిలో అదేందని అడిగారట. మిషన్ అని చెప్పాడట. వాళ్లు మా నాయినకు కూడా తీసుకోవాలె, ఏ దవాఖానా అని అడిగి వెళ్లిపోయారట. అది నాకు చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో ఉన్న ఆశ్చర్యం నేను ఎరిగినదే. భయపడ్డ చోటికి వెళ్లి చూస్తే అక్కడ మామూలు రోజు నడుస్తూ ఉండడం.

నా అలవాటు పూర్తిగా పోయిందని చెప్పను. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం ఆపి ఏడాది దాటింది. చివరిసారి వెళ్లినప్పుడు ఆవిడ అన్నారు, ఆ ఆలోచనలు రాకుంట జేసుడు మన చేతుల లేదు సార్, వచ్చినప్పుడు గుర్తు పట్టుడే మన పని అని. అలాగే జరుగుతోంది. కొన్ని రోజులు ఒక్కసారి కూడా రావు. కొన్ని రోజులు, ముఖ్యంగా నిద్ర చాలనప్పుడు, వరసగా వస్తాయి.

పోయిన నెల నారపల్లిలో మా ఆఫీసు సహోద్యోగి ఒకాయన గృహప్రవేశం జరిగింది. నిన్నమొన్నటి దాకా వరి పండిన చోట గేటు, కాపలా గది, వరసగా ఇళ్లు వచ్చేశాయి. మేడ మీద భోజనాలు. ప్లేటు పట్టుకుని మెట్లెక్కి వెళ్లేసరికి, పిట్టగోడ దగ్గర మా విభాగం వాళ్లు ముగ్గురు ఏదో మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే మాట ఆపేశారు. నా గురించే, అని ఎప్పటిలాగే అంది మనసు. వినిపించింది. పోనీలే అనుకున్నాను. ముగ్గురు మాట ఆపారు. ఫోటోలో పడేది అంతే. అడగాలంటే అడగొచ్చు. అడగాలని కూడా అనిపించలేదు. వెళ్లి వాళ్ల పక్కనే నిలబడి గుత్తొంకాయ కలుపుకున్నాను. ఒకాయన పక్కకు జరిగి ప్లేటు పెట్టుకోవడానికి పిట్టగోడ మీద చోటిచ్చాడు. దూరంగా ఇంకా ప్లాట్లు కాని పొలం ఒకటి పచ్చగా కనిపిస్తోంది. ఆ పొలంలో వేసింది వరా, జొన్నా అని మా నలుగురికీ వాదన మొదలైంది. జొన్నే అని నేనన్నాను. కాదన్నారు. అన్నం అయ్యాక దిగి వెళ్లి చూద్దామనుకున్నాం.